రాకెట్టుకు నేతముడి

సోమలింగం చేతిపనిని మెచ్చుకునేవాళ్లు సూరత్‌లోని పర్వత్ పాటియాలో చాలామంది ఉన్నారు గానీ, ఆ పని ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ. కనబడకుండా చేయడమే ఆ పనిలో గొప్ప.

మగ్గం మీద పడుగు చుట్టిన బీమ్ అయిపోయి కొత్తది ఎక్కించినప్పుడు, పాత పడుగు కొసలకు కొత్త పడుగు కొసలను పోగు పోగునా అతకాలి. సిరిసిల్ల వైపు దీన్ని వైపని అంటారు. వేల పోగులు, వేల ముడులు. ముడి ఏమాత్రం లావైనా దువ్వెనలాంటి అచ్చు పళ్లలో ఇరుక్కుని పోగు పుటుక్కుమంటుంది. ముడి తోక కాస్త పొడుగైనా పక్క పోగును పట్టుకుని దాన్నీ తెంపుతుంది. అందుకని మంచి వైపనివాడు రెండు కొసలనూ వేళ్ల మధ్య మెలిపెట్టి, బిగలాగి, తోకలను మొదలంటా తుంచేస్తాడు. బట్ట బయటికి వచ్చాక ఎక్కడ అతికాడో అతనే వెతుక్కున్నా దొరకకూడదు. సోమలింగం మీసాలు సరిగ్గా రాని వయసులో మేనమామ వెంట సూరత్ వచ్చి, ఈ ముడి నేర్చుకుని, ఇదే ముడి వేస్తూ జుట్టు నెరిపించుకున్నాడు. సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. ఆ చుట్టుపక్కల ఏ ఖాతాలోనైనా "సోమలింగం అతికిండా? ఇగ మల్ల చూసుడేంది" అనే మాట వినబడుతుంది. అంతకంటే పెద్ద బిరుదు అతను ఎన్నడూ కోరుకోలేదు.

చిక్కేమిటంటే, ఆ ముడి అతని బతుకులోకి కూడా పాకింది. ఏ కష్టమొచ్చినా తోకలు తుంచి, ఎవరికీ కనబడకుండా లోపల పెట్టేసేవాడు. తాపీ నది పొంగి ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చిన ఏడు, అటక మీద కూర్చుని ఊరికి ఫోన్ చేసి "ఈడ జర వాన వడ్డది, అంతే" అన్నాడు. మగ్గంలో వేలు నలిగి ఆసుపత్రికి వెళ్లొచ్చిన రోజు, ఇంత కట్టు కట్టుకుని ఇంటికొచ్చి "గోరు లేసింది" అన్నాడు. ఆయన భార్య పద్మారాణి ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుడుతుంది. ఆమె నోరు మాత్రం ఏ కష్టానికీ మూతబడేది కాదు.

"నీ నోట్లకెళ్లి ఒక్క సంగతి దియ్యాల్నంటె అచ్చుల వెట్టే కొక్కెం వెట్టి గుంజాలె" అనేది.

ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోవడం ఆయనకు బాగా వచ్చు.

వాళ్లకు ఒక్కతే కూతురు, భాగ్యలక్ష్మి. పుట్టింది సూరత్‌లోనే. తల్లితో తెలుగు, గల్లీలో హిందీ, కాలేజీలో గుజరాతీ, కోపం వస్తే మూడూ కలిపి. పాలిటెక్నిక్‌లో మెకానికల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఆ పిల్ల చదువు సంగతి సోమలింగానికి బొత్తిగా తెలియదు. తెలుసుకోవాలని ఉండేది కానీ, ఏమని అడగాలో తెలిసేది కాదు. పొద్దున "తిన్నవా", సాయంత్రం "వచ్చినవా" అన్న రెండు ప్రశ్నలతో ఏళ్లు గడిచిపోయాయి. ఈ మధ్య కూతురు తన ముందు నుంచి ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్లిపోతుంటే, అద్దెకున్నవాళ్ల పిల్లను చూసినట్టు చూసేవాడు. లోపల మాత్రం బాధగానే ఉండేది.

అట్లాంటి ఇంట్లోకి ఒక రాకెట్టు వచ్చింది.

నిజం రాకెట్టేమీ కాదు, కాలేజీ క్లబ్బు వాళ్లు తెప్పించిన కిట్టు. అట్టగొట్టం, దానికి మెత్తని తేలిక చెక్కతో రెక్కలు, ప్లాస్టిక్ ముక్కు, లోపల మడిచి పెట్టిన చిన్న పారాచూట్. కింద మందు కూరిన మోటారు పెట్టి వెలిగిస్తే సుయ్యిమని లేస్తుంది. పైకి పోయాక అదే మోటారు లోపల చిన్నగా పేలి ముక్కును ఊడగొడుతుంది. పారాచూట్ బయటపడి విచ్చుకుంటుంది. ముక్కు, పారాచూట్, గొట్టం మూడూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి నెమ్మదిగా దిగుతాయి. చిన్న మోటారుతో భాగ్యలక్ష్మి రాకెట్టు చక్కగా లేచింది, చక్కగా దిగింది. అక్కడితో ఆగితే ఈ కథ లేదు.

క్లబ్బు చూసే హేతల్ మేడమ్ ఒక షరతు పెట్టింది. అహ్మదాబాదులో జరిగే పోటీకి పెద్ద మోటార్లు కావాలి. కిట్టును ఎవరికి వాళ్లు బలపరుచుకుని, పెద్ద మోటారుతో ఎగరేసి, ముక్కలు కాకుండా దింపిన వాళ్లే వెళ్తారు. భాగ్యలక్ష్మికిది ఆఖరి సంవత్సరం. ఈసారి తప్పితే మరోసారి లేదు.

అప్పట్నుంచి ఇంట్లో అన్నం తినే చోట సగం రాకెట్టుది. మెత్తచెక్క రెక్కలు పెద్ద మోటారు వేగానికి వణికి విరిగిపోతాయట. వాటిని తీసేసి ప్లైవుడ్‌వి కోసింది. పైపైన అతికిస్తే ఊడతాయని గొట్టానికి చీలికలు పెట్టి, రెక్కల మొదళ్లను లోపలిదాకా దింపి, మోటారు కూర్చునే గూటికి ఆనించి జిగురు పోసింది. గొట్టానికి పల్చని బట్ట చుట్టి, ఆరితే గట్టిపడే రెజిన్ పూసింది. ఆ బట్ట సోమలింగం తెచ్చిందే. తోక బరువెక్కింది కాబట్టి ముక్కులో బంకమట్టి కూరి, రాకెట్టు నడుముకు దారం కట్టి వేలాడదీసి, తూకం సరిపోయేదాకా చూసుకుంది. సోమలింగం గోడకు ఆనుకుని ఇదంతా సినిమా చూసినట్టు చూసేవాడు. పద్మారాణి మాత్రం పప్పు గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక రాకెట్టును రోజూ తిట్టేది.

చివరికి తాడు దగ్గరికి వచ్చింది పని. కిట్టులో వచ్చింది రబ్బరు తాడు, గొట్టం అంచుకు కాగితంతో అతికించి ఉంటుంది. పెద్ద మోటారు పేలుడు గుంజుకు అది నిలవదు. కింద, మోటారు దగ్గర, మంటకు కాలని పసుపు దారం కట్టాలి. దానికి పైన నైలాన్ తాడు జోడించాలి.

"బాపూ" అంది భాగ్యలక్ష్మి, ఆ రెండు కొసలూ ఆయన ముందు పెట్టి. "నీ ముడి ఏసిస్తవా? నాకైతే లావుగ వస్తున్నది. పారాచూట్‌కు అడ్డం పడుతదేమో."

ఆ పిల్ల తన చదువు విషయంలో ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. సోమలింగానికి గుండె నిండిపోయింది. పైకి మాత్రం "అట్ల వెట్టిపో, చూస్త" అన్నాడు, ఏదో తీరిక దొరికితే చేసేవాడిలాగా.

"ముడి ఏసినంక కొసలు జర పొడుగుంచు. మీదికెళ్లి ఒక చుక్క గ్లూ వెయ్యి. మర్చిపోకు, దారం నున్నగున్నది."

"సరే బిడ్డా."

కూతురు ట్యూషన్‌కు వెళ్లింది. సోమలింగం చేతులు కడుక్కుని, తుడుచుకుని, కిటికీ దగ్గర కూర్చున్నాడు. పసుపు దారం వేళ్ల మధ్య జారింది. రెండోసారి పట్టు దొరికింది. మెలి, మడత, లాగుడు. అతుకు పడింది. రెండు వైపులా గుంజి చూశాడు, మగ్గం మీద పడుగును గుంజినంత బలంతో. కదల్లేదు. ఇక చేతులు వాటంతటవే చేసే పని చేసేశాయి. కత్తెర తీసుకుని తోకలను మొదలంటా తుంచాడు. తుంచాక గుర్తొచ్చింది కొసలు పొడుగుంచమన్న మాట. పొడుగు తోకల ముడి ఇంటికొచ్చిన చుట్టం ముందు చిరిగిన బనీనుతో తిరగడం లాంటిదని ఆయన లెక్క. జిగురు సీసా వైపు చూశాడు. ఇన్నేళ్లలో తన ముడికి ఎవరైనా గమ్ము పూశారా? సీసా మూత తియ్యలేదు.

భాగ్యలక్ష్మి వచ్చి తాడును వేళ్ల మధ్య జారవిడిచింది. అతుకు తగిలీ తగలనట్టుంది.

"ముడి ఏడున్నది బాపూ!" అని నవ్వింది. "గ్లూ వేసినవా?"

"అన్ని జేసిన" అన్నాడు సోమలింగం.

ఆయన దృష్టిలో అది అబద్ధం కాదు. చెయ్యాల్సిందంతా చేశాడు మరి.

ఊరవతల కామ్‌రేజ్ దాటాక, చెరకు కొట్టేసిన పొలంలో అనుమతి తీసుకుని ఏర్పాట్లు చేశారు. ఆదివారం కాబట్టి ఇంటివాళ్లను కూడా రమ్మన్నారు. పద్మారాణికి లేసు పని ఉండి రాలేదు. సోమలింగం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖాతాలో సెలవు చెప్పి వచ్చాడు. నలుగురు పిల్లలు, నాలుగు రాకెట్లు. ఎవరి తల్లిదండ్రులు వాళ్ల పిల్లల ఫోటోలు తీసుకుంటుంటే, ఆయన వెనకెక్కడో నిలబడి, ఎవరైనా అడిగితే "తాడు నాదే" అని చెప్పొచ్చా చెప్పకూడదా అని ఆలోచిస్తున్నాడు.

భాగ్యలక్ష్మి వంతు వచ్చింది. అందరూ కలిసి అంకెలు వెనక్కి లెక్కపెట్టారు. రాకెట్టు చెవులు అదిరేలా లేచింది. సోమలింగం మెడ వెనక్కి వాల్చాడు. రెక్కలు ఊడలేదు, గొట్టం వంగలేదు, తిన్నగా నిలువునా పోయి చుక్కలా మారింది. పైన టప్పుమని చిన్న చప్పుడు. తెల్ల పొగ. నారింజరంగు పారాచూట్ విచ్చుకుంది. ఆయన చప్పట్లు కొట్టబోయాడు.

పారాచూట్ కింద ముక్కు ఒక్కటే వేలాడుతోంది. గొట్టం విడిగా, గిరగిరా తిరుగుతూ, ఏ తోడూ లేకుండా పడిపోతోంది. చెరకు మోళ్ల మధ్య దుక్కి మట్టిలో దబ్బుమంది.

అందరూ పరుగెత్తారు. సోమలింగం కూడా, మోకాళ్లు ఏడుస్తున్నా. బట్ట చుట్టి రెజిన్ పూసినందుకు గొట్టం బతికింది, మూతి దగ్గర కొంచెం నొక్కుకుపోయింది. రెక్కలకు దెబ్బే తగల్లేదు. భాగ్యలక్ష్మి అందరికంటే ముందు చేరి, గొట్టంలోంచి వేలాడుతున్న పసుపు దారం కొసను పిడికిట్లోకి తీసుకుంది.

హేతల్ మేడమ్ వచ్చి, ఏమైందని హిందీలో అడిగింది. "తాడు తెగితే మాత్రం చెప్పు. తెగిందంటే ఈ మోటారుకు నీ లెక్కే సరిపోలేదన్నమాట. మళ్లీ ఎగరనివ్వలేను."

భాగ్యలక్ష్మి పిడికిలి ఇంకా బిగించింది.

"టూట్ గయా మేడమ్" అంది. తెగిపోయిందని.

ఆ పిడికిటి సందులోంచి అరంగుళం పసుపు దారం బయటికి కనబడుతోంది. సోమలింగం పక్కనే నిలబడి దాన్ని చూశాడు. జీవితమంతా తెగిన పోగులు చూసినవాడు. తెగిన దారం పీచు లేస్తుంది, కుచ్చులా విచ్చుకుంటుంది. ఈ కొస నున్నగా, కత్తెరతో కోసినట్టుగా ఉంది. దాని పక్కన చిన్న మెలి ఇంకా మిగిలే ఉంది. అది ఆయన పెట్టిన మెలే.

తెగలేదు. ఊడింది.

దాచుకోవాల్సిన పనిలేదు గనక చెప్పాలి. ఆ క్షణంలో సోమలింగానికి ముందు కలిగింది సిగ్గు కాదు, హమ్మయ్య అన్న నెమ్మది. తెగిందనే అనుకుంటారు, ఎవరికీ తెలియదు. ఆ తర్వాతే ఆయన కూతురి ముఖం వైపు చూశాడు. ఏడుపు లేదు, కోపం లేదు. ఏమీ కానట్టు, నున్నగా ఉంది ఆ ముఖం. లోపల ఏం జరుగుతోందో పక్కన నిలబడినవాడికి కూడా అంతు దొరకదు. ఆ ముఖం ఆయనకు బాగా తెలుసు. అటక మీద కూర్చుని ఊరికి ఫోన్ చేసిన రోజు తన ముఖం అట్లాగే ఉండి ఉంటుంది.

పిల్లకు కొస చూడగానే తెలిసిపోయింది. తెలిసీ, ఇంతమంది ముందు తండ్రి నవ్వులపాలు కాకూడదని తన రాకెట్టునే తప్పుపట్టుకుంది. ఎవరు నేర్పారు ఇది? రోజూ అన్నం దగ్గర, మాట్లాడకుండా కూర్చుని, ఆయనే నేర్పాడు. సోమలింగం ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"మేడమ్" అన్నాడు, తనకొచ్చిన హిందీలో. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "టూటా నహీ. ఖుల్ గయా. గాంఠ్ మేరా హై."

తెగలేదు, ఊడింది, ముడి నాది అని. అందరూ ఆయన వైపు తిరిగారు. హేతల్ మేడమ్ భాగ్యలక్ష్మి పిడికిలి విప్పించి కొసను చూసింది. నైలాన్ తాడు కొస కూడా తెప్పించి చూసింది, దానిమీదా పీచు లేదు. గ్లూ వెయ్యలేదా అని అడిగింది.

"వెయ్యుమన్నది కానీ, నేనే వెయ్యలే" అన్నాడు సోమలింగం, హిందీ అయిపోయి తెలుగులోకి దిగిపోయి. "కొసలు గూడ పొడుగుంచుమన్నది. నేనే తుంచిన. మగ్గం మీద పడుగు ఎప్పటికి బిగువు మీదనే ఉంటది. బిగువు మీదున్నన్ని రోజులు నా ముడి ఊడది. గీడ గొట్టంల మడిచి వెట్టిరి. సడలినంక అది నిలువదు. గా సంగతి నాకు తోచలే."

భాగ్యలక్ష్మి తల వంచుకునే అదంతా గుజరాతీలో చెప్పింది. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

హేతల్ మేడమ్ గొట్టం మూతిని తడిమింది, రెక్కలను ఒక్కొక్కటీ పట్టి ఊపింది. "దారం బాగానే ఉంది, లెక్కా బాగానే ఉంది. మూతి సరిచేసి, ముడి మార్చండి. ఇంకో మోటారు ఉంది. ముడి నాకు చూపించాకే ఎగరాలి" అని మిగతా పిల్లల వైపు వెళ్లిపోయింది.

తండ్రీకూతుళ్లు చెరకు మోళ్ల మధ్య మిగిలారు. అప్పుడు పేలింది భాగ్యలక్ష్మి.

"ఎందుకు జెప్పినవ్ బాపూ? అందరి ముందట! నేను సంభాలిస్తున్న కద!"

"ఏం సంభాలిస్తవ్? నీ రాకెట్టు వొయ్యేది."

"పోతె పోయేది! ఆళ్లంత నిన్ను జూసి నవ్వుకుంట ఉంటే మంచిగుంటదా?"

"నవ్వనీ" అన్నాడు సోమలింగం. "బిడ్డా, నా తీర్గ కాకు. ఇంట్ల నేనొక్కన్ని సాలు."

భాగ్యలక్ష్మి ఆయన వైపు చూసింది. ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి ముఖంలో. "మరి గ్లూ వేసిన అని అబద్ధం ఎందుకాడినవ్?" అని అడిగింది. "తప్పయింది" అన్నాడు. ఇరవై ఏళ్ల కూతురికి ఆ మాట చెప్పడం ఆయనకు కొత్త. చెప్పాక ఒళ్లు తేలికైంది.

ఆ పిల్ల నేల మీద చతికిలబడి, ఉప్పుకాగితంతో గొట్టం మూతి సాపు చేసింది. పసుపు దారం కొసను ఉచ్చుగా మడిచి ముడేసింది. నైలాన్ తాడును ఆ ఉచ్చులోంచి తీసి ఇంకో ముడి. శనగగింజంత లావు ముడులు, తోకలు వేలెడు పొడుగు. మీద త్వరగా ఆరే జిగురు చుక్కలు. సోమలింగం వేళ్లు కత్తెర కోసం జిలపుట్టిపోయాయి. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. నాకిస్తే నేను మంచిగ వేస్త కద అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. కూతురు ఇవ్వనూ లేదు. అందుకు కాస్త నొచ్చుకున్నాడు కూడా.

జిగురు ఆరాక, నైలాన్ కొసను భాగ్యలక్ష్మి ఆయన చేతికి ఇచ్చింది. పసుపు దారం వైపు తాను పట్టుకుంది.

"గుంజు."

ఆయన గుంజాడు.

"గట్ల గాదు బాపూ. పోగును గుంజినట్టు గుంజుతున్నవ్. తెంపాల్నని గుంజు."

ముప్పై ఏళ్లుగా దారం తెగకుండా లాగడమే ఆయన విద్య. తెంపాలని లాగడం ఎట్లాగో ఒంటికి తెలియదు. తాడును పిడికిలికి చుట్టుకున్నాడు. మడమలు దుక్కిలో గుచ్చి వెనక్కి వాలాడు. అటువైపు భాగ్యలక్ష్మి కూడా పళ్లు బిగించి వాలింది. తాడు జివ్వుమంది. సోమలింగం తన బలమంతా పెట్టి లాగాడు, లాగుతూనే, తన బలం ఓడిపోవాలని ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. చొక్కా చంక దగ్గర పిగిలింది. ముడి కదల్లేదు. "ఇంక!" అంది కూతురు. ఇంకా లాగాడు. చివరికి ఇద్దరూ ఒకేసారి వదిలేసి, వెనక్కి పడి, మట్టిలో కూర్చుని నవ్వారు.

రెండోసారి రాకెట్టు లేచినప్పుడు సోమలింగం మెడ ఎత్తలేదు. ఆ టప్పుమన్న చప్పుడు వినబడేదాకా నేలనే చూశాడు. వినబడ్డాక కూతురు ముఖం చూశాడు. ఆ ముఖం విప్పారింది, ఏదీ దాచుకోకుండా. అప్పుడు తల పైకెత్తాడు. నారింజరంగు పారాచూట్, దాని కింద ముక్కు, ముక్కు కింద తాడు, తాడుకు గొట్టం, అన్నీ ఒక్కటిగా ఊగుతూ నింపాదిగా దిగుతున్నాయి.

హేతల్ మేడమ్ రాకెట్టును తిప్పి తిప్పి చూసింది. లోపలి నుంచి తాడు లాగి, ఆ లావాటి ముడులను బొటనవేలితో నొక్కి చూసింది.

"ఈసారి ఎవరు వేశారు?"

"ముడి నాది" అంది భాగ్యలక్ష్మి గుజరాతీలో. "గుంజి చూసింది మా బాపు. ఆయన గుంజితే ఊడనిది పైన కూడా ఊడదు."

గుజరాతీలోనూ బాపు అంటే బాపే కాబట్టి అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. హేతల్ మేడమ్ సోమలింగం వైపు చూసి తల ఊపి, అహ్మదాబాదు వెళ్లే వాళ్లలో భాగ్యలక్ష్మి ఉందని అందరికీ వినబడేలా చెప్పింది. సోమలింగం ఈసారి ముఖం పక్కకు తిప్పుకోలేదు. పిగిలిన చొక్కాతో అందరి మధ్యా నిలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏమైంది బాపూ అని కూతురు అడిగితే, సంతోషమైతున్నది బిడ్డా అని చెప్పాడు.